ఫ్లెచర్ వారి ఆడపిల్ల

వనపర్తి చర్చిలో, పెండ్లి ప్రకటన చదువుతుండగా, సంఘపెద్ద బక్కయ్య లేచి నిలబడ్డ దగ్గర పోయిన వారం మనం ఆగాం. నన్నడిగితే ఆయన ఇంకా కూర్చోలేదనే చెప్పాలి.

"యోసేపు ఫ్లెచర్‌కూ సువార్తమ్మ ఫ్లెచర్‌కూ జరగబోయే వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపండి" అని పాస్టరు ఎప్పటిలాగే చదివాడు. ఆ మాటకు జవాబు చెప్పినవాణ్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. చదవడం ఒక పద్ధతి, ఊరుకోవడం ఒక పద్ధతి. బక్కయ్య మాత్రం తలగుడ్డ సర్దుకొని లేచాడు. "ఇద్దరిదీ ఒక్కటే ఇంటిపేరాయె. అన్నాచెల్లెండ్లకు పెండ్లి ఎట్ల చేస్తరయ్యా?" అన్నాడు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ప్రకటన అక్కడే ఆగిపోయింది.

ఇందులో ఆ ఇద్దరి అమాయకత్వం ఎంత ఉందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గద్వాల మిషన్ దవాఖానలో ఆమె అందరికీ సువార్త నర్సమ్మ. వనపర్తి బడిలో అతను యోసేపు పంతులు. పెద్ద జ్వరాలు వచ్చిన ఏడు, ఊళ్లకు ఊళ్లే పాడుబడ్డప్పుడు, ఇద్దరూ ఊహ తెలియని వయసులో మిషన్‌కు చేరారు. ఆమె నాగర్‌కర్నూలు ఆడపిల్లల బోర్డింగులో పెరిగింది, అతను వనపర్తి మగపిల్లల బోర్డింగులో. ఇద్దరికీ మిషన్ నడిపే ఫ్లెచర్ దొరసాని తన ఇంటిపేరే పెట్టింది. పెద్దయ్యాక ఒకరినొకరు ఇష్టపడ్డప్పుడు ఆ పేరు వాళ్లకు అడ్డంగా తోచలేదు సరికదా, ముచ్చటగా తోచింది. "పెండ్లయినంక నీ పేరు మార్చే పని గూడ లేదు" అని యోసేపు నవ్వాడు. ఊళ్లో తల్లి దగ్గర పెరిగిన అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు, ఒకే ఇంటిపేరు వాళ్లు తోబుట్టువులని. బోర్డింగులో వాళ్లకు కీర్తనలు నేర్పారు, లెక్కలు నేర్పారు, గోళ్లు తీసుకోవడం నేర్పారు. ఇదొక్కటి నేర్పే మనిషి అక్కడ లేకపోయింది.

ప్రకటన ఆగిన సాయంత్రం యోసేపు ఆమెను రైలెక్కించడానికి వచ్చి, "పట్నం పోదాం సువార్తా. ఆడ పెండ్లి చేసుకుందాం. మన ఇంటిపేరేందని ఆడ ఎవరడుగుతరు?" అన్నాడు.

"ఎవరూ అడగని కాడ పెండ్లి నాకొద్దు" అంది సువార్త.

అతనికి ఆ మాట సగమే అర్థమయింది. అతనికి బడి పిల్లలున్నారు, ఊరంతా పలకరించేవాళ్లున్నారు. ఆమె సంగతి వేరు. గద్వాలలో ఏ ఇంట్లో కాన్పు కష్టమైనా ఆమెకోసమే మనిషి వస్తాడు. బిడ్డ పుట్టి, తల్లికి ప్రాణం కుదుటపడ్డాక, ఆ ఇంటి ముసలమ్మ ఎవరో ఒకరు ప్రేమగా అడుగుతారు, "నువ్వు ఎవరోళ్ల పిల్లవమ్మా?" అని. ఫ్లెచర్ వాళ్ల పిల్లనని అనగానే ఆ ముసలమ్మ నోట్లో మాట ఆగిపోతుంది. ఇంకే ఇంటిపేరైనా చెబితే, "అట్లనా, మా మేనత్తోళ్లకు మీరు ఏమైతరు?" అని అల్లుకుపోయేది. ఈ పేరుకు అల్లుకోవడానికి ఏమీ లేదు. ఆమె చేతులు కడుక్కొని, సంచీ తీసుకొని, దవాఖాన వెనక ఉన్న తన ఒక్క గదికి నడిచి వచ్చేస్తుంది. వచ్చాక ఆమెను ఎక్కడికి పోయావని అడిగేవాళ్లుండరు.

తనవాళ్లంటూ ఆమెకున్నది ఒకే ఒక జ్ఞాపకం. ఎవరిదో చెయ్యి తన చేతిని గట్టిగా పట్టుకొని ఉండటం. ముఖం లేదు, గొంతు లేదు, చోటు లేదు. అది తన తల్లి చెయ్యని ఆమె నమ్మకం. ఒంటరిగా ఉన్న సాయంత్రాలు ఆ చేతిని తలుచుకుంటూ గడిపేది. బక్కయ్య మాటకు ఆమె ఏడవలేదు. "దొరసానమ్మ బతికే ఉన్నది గదా. పోయి అడుగుదాం. ఆ పేరు ఏడికెళ్లి వచ్చిందో ఆమెనే చెప్తది" అని ఆయనకు కబురు పెట్టింది.

అదే ఈ వారం కథ.

గద్వాలలో రైలెక్కి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడ బక్కయ్యనూ యోసేపునూ కలుపుకొని సువార్త నాగర్‌కర్నూలు బస్సెక్కింది. బస్సులో బక్కయ్య వాళ్లతో కాకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. మిషన్ బంగళా గేటు దగ్గర ఆగి, "యోసేపూ, నువ్వు రోడ్డు మీదనే ఉండు. మాటముచ్చట కాడ పెండ్లి పిల్లగాడు కూసునుడు పద్ధతి గాదు. నీ దిక్కున నేనున్న" అన్నాడు. తర్వాత సువార్త వైపు చూసి తటపటాయించాడు. పద్ధతి ప్రకారం పెండ్లికూతురూ ఉండకూడదు. కానీ ఆమె తరఫున మాట్లాడటానికి ఒక మేనమామ లేడు, చిన్నాయన లేడు. "నువ్వు రావాల్నాయె" అని ముందుకు నడిచాడు. తన పెండ్లి మాటలకు తానే పెద్దదిక్కుగా నడవడం ఎంత చిన్నతనమో ఆ నాలుగు అడుగుల్లో సువార్తకు తెలిసింది.

ఫ్లెచర్ దొరసాని వరండాలో పడక కుర్చీలో ఉంది. ఎప్పుడో ఇంగ్లండు సీమకు వెళ్లిపోవలసింది. రెండో యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమె కాళ్లూ ఆగిపోయాయి. ఆమె తెలుగు ముప్పాతిక పాలమూరుది, పావు బైబిలుది. చిన్నప్పటి నుంచి పనిలో ఉన్న ఎంకమ్మే ఇప్పుడామెకు చేతులూ కాళ్లూ.

దొరసాని కుర్చీ చూపించింది. బక్కయ్య దాని అంచున, ఎప్పుడు లేవమన్నా లేచేలా కూర్చున్నాడు.

"అమ్మా, మీ ఇంటిపేరు ముచ్చట తెల్సుకుందామని వచ్చినం. ఏ రాజులదో, ఏ కోటలోళ్లదో మీరే చెప్పుర్రి. నేను పోయి సంఘంల చెప్పాలె."

దొరసాని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. "రాజులా? బాణాలకు ఈకలు కట్టేటోళ్లం బక్కయ్యా మేము."

"బాణాలకా?"

"బాణం సక్కగ పోవాలంటే ఎనుక ఈక ఉండాలె గదా. బాతు ఈకలు చీరి, పుల్లకు అంటబెట్టి, దారంతోని చుట్టేటోన్ని మా దేశంల ఫ్లెచర్ అన్నరు. ఆ మాట గూడ మాది గాదు. ఫ్రాన్సోళ్ల భాషకెళ్లి వచ్చింది."

"గంతేనా? గది మన నల్లమల చెంచోళ్ల పనే గదమ్మా! ఇన్నేండ్ల సంది ఏందో పెద్ద దొరతనం పేరనుకుంటిమి." బక్కయ్య గొంతులో కొంచెం నిరాశ కూడా వినిపించింది.

"అదే పని. కాకపోతే మా తాన విల్లు చేసేటోడు వేరు, బాణం చేసేటోడు వేరు. ఒకని పని ఒకడు ముట్టొద్దని లండన్ల పెద్ద పంచాయితీ పెట్టుకున్నరు."

"అట్లయితే జర మన ఊరి లెక్కనే ఉన్నది మీ దేశం" అని బక్కయ్య కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు.

సువార్త గుంజకు ఆనుకొని నిలబడి వింటోంది. ఇంతకాలం తాను మోసిన పేరులో ఏముందో ఆమె ఎన్నడూ అడగలేదు. లోపల ఒక పెద్ద ఇల్లు, గోడల మీద పటాలు, తనను ఎరుగని తాతముత్తాతలు ఉన్నారని మాత్రం ఊహించుకుంది. తీరా చూస్తే ఎవడో ఒకడు గడపలో కూర్చొని ఈకలు చీరుకుంటున్నాడు. ఎందుకో అతని మీద ఆమెకు ప్రేమ పుట్టింది.

"ఆ కాలంల అందరికీ అవే పేర్లు" అని దొరసాని చెప్పుకుపోయింది. "ఊర్ల పదిమంది జానులు, పదిమంది విలియములు. పన్ను రాసుకునేటోనికి ఏ జానో తెల్వకపాయె. బాణాల జాను, రొట్టెల జాను, పిండిమర జాను అని రాసుకున్నడు. కొన్నాళ్లకు కొడుకుకు గూడ ఆ పేరే అంటుకున్నది. ఎనుక తుపాకులు వచ్చినయి. బాణాలు పోయినయి. పేరు పోలే. మా తాత గడియారాలు బాగుచేసేటోడు. జన్మల బాణం ముట్టలేదు. అయినా ఫ్లెచరే. ప్రతి ఊర్ల ఒక బాణాలోడు ఉండె గనుక ప్రతి ఊర్ల ఒక ఫ్లెచర్ ఉన్నడు. వాళ్లందరు ఒక్క ఇంటోళ్లు గాదు బక్కయ్యా. మా దేశంల ఫ్లెచరు ఫ్లెచర్‌ను చేసుకున్నా పాస్టరు ఆపడు."

సువార్త గుండె తేలికపడింది. ఇంత సులువా అనుకుంది. కానీ బక్కయ్య తల ఊపలేదు.

"మీరు చెప్పింది బాగున్నదమ్మా. మాయి గూడ గట్లనే వచ్చినయి. మాది చింతలకుంటోళ్లం. ఎన్నడో ఒక తాత చింతలకుంట నుంచి వచ్చిండు గావొచ్చు. ఆ ఊరు ఏడున్నదో నాకు తెల్వదు. అయితే ఏంది? చింతలకుంటోళ్ల పిల్లను చింతలకుంట పిల్లగానికి ఇయ్యం." "మేము మీ మాట విని దేవుణ్ని మార్చుకున్నం. జాతరలు ఇడిసినం. మావోళ్లు మమ్మల్ని వాళ్ల బాయిల నీళ్లు ముట్టనియ్యలే, అయినా ఇడిసినం. ఇంటిపేరు ఒక్కటే ఇడువలే. మేము ఎవరోళ్లమో మాకు తెల్వాలె గదా. గది గూడ ఉత్తదే అంటే మాకేం మిగిలింది?"

సువార్తకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. ఈయనకూ భయమే. ఎవరికీ చెందకుండా పోతానేమోనన్న భయం. అది ఆమెకు బాగా తెలిసిన భయం.

"మీ తాతల సంగతి ఇడువుర్రి" అన్నాడు బక్కయ్య, కళ్లు తుడుచుకొని. "ఈ పిల్లలకు ఆ పేరు ఎట్లొచ్చింది? గది చెప్పుర్రి."

దొరసాని ఒళ్లో ఉన్న శాలువ అంచును వేళ్లతో మడతపెట్టింది. "నాకొక్క తమ్ముడుండె. ఫ్రాన్సుల, మొదటి యుద్ధంల పోయిండు. మా నాయన ఇంట్ల ఇంకెవరూ లేరు. ఆ పేరు నాతోనే పోతదని అప్పుడు ఎరుకైంది. అదే ఏడు ఈడ జ్వరాలు. బండ్ల మీద పిల్లల్ని తెచ్చి ఈ వరండాలనే పండబెట్టిండ్రు."

"అందరికీ పెట్టలేదు గదమ్మా ఆ పేరు" అంది సువార్త. ఆమె అక్కడ నోరు విప్పడం అదే మొదలు. "మాతోని ఉన్న విజయమ్మకు పెట్టలే. ఎవ్వరికీ పెట్టలే. మా ఇద్దరికే ఎందుకు?"

ఈ ప్రశ్నకు ఒక జవాబు ఆమె ఎప్పుడో సిద్ధం చేసుకుంది. నువ్వంటే నాకు ఇష్టం గనుక, అనాలి దొరసాని. నిన్ను నా బిడ్డనుకున్నాను గనుక, అనాలి.

"మిగిలినోళ్ల కోసం ఎవరో ఒకరు వచ్చిండ్రు" అంది దొరసాని. "తీస్కపోలేకున్నా, ఇది ఫలానా వారి పిల్ల అని చెప్పి పోయిండ్రు. వాళ్లకు వాళ్ల పేర్లే ఉంచిన. మీ ఇద్దరికే చెప్పేటోళ్లు లేకుండె. పేరు లేకుండ బడిల ఎట్ల రాస్తం? నా తమ్మునికి పిల్లలుంటే పెట్టుకునేటి పేరు. మీకు పెట్టిన."

ఇన్నేళ్లు సువార్త ముద్దుగా దాచుకున్న పేరు ఎవరూ అడగని పిల్లకు కప్పిన దుప్పటి. అదీ చచ్చిపోయిన ఎవరో తమ్ముడి కోసం దాచిపెట్టినది. దొరసాని మీద కోపం రాలేదు. దుప్పటి కప్పిన మనిషి మీద కోపం ఎలా వస్తుంది? కానీ లోపల చాలా చలిగా అనిపించింది.

బక్కయ్య మాత్రం ముందుకు వంగాడు. ఆయనకు దారి దొరికింది. "అంటే నెత్తురుతోని వచ్చిన పేరు గాదన్నట్టు. మీరు చేత్తోని ఇచ్చిన పేరు. అట్లయితే లెక్క వేరు." ఆయన లేచి నిలబడ్డాడు. "ఒక్కటే ముచ్చట అడుగుత. రేపు ఎవడన్న వచ్చి ఈళ్లిద్దరు ఒక్క ఇంటోళ్లంటే సంఘంల నా మొగం ఏడ పెట్టుకోను? దేవుని ముందట చెప్పుర్రి. ఈ పిల్లల్ని అడుక్కుంట ఎవరన్న వచ్చిండ్రా?"

ఎంకమ్మ చాయ్ తెస్తోంది. గడప దాటబోయినది అక్కడే ఆగింది. పళ్లెంలో కప్పులు గలగలమన్నాయి.

దొరసాని గేటు వైపు చూసింది. "లేదు బక్కయ్యా. ఎవ్వరూ రాలే."

"ఇంకేంది మరి!" బక్కయ్య ముఖం విప్పారింది. "నా మాట నేనే ఎనుకకు తీసుకుంట. ఆదివారం సంఘం ముందట లేసి చెప్త. ఇంకో ముచ్చట." సువార్త వైపు తిరిగి, ఎందుకో కసురుకుంటున్నట్టే అన్నాడు. "నీ దిక్కున పెద్దోళ్లు లేరని పరేషాన్ గాకు. పిల్లగానికి పెద్దలు మస్తుమంది ఉన్నరు. పెండ్లినాడు నేను, నా ఇంటిది నీ దిక్కున నిలబడ్తం. చీర మేమే పెడ్తం."

చర్చిలో అంతమంది ముందు ఏడవని సువార్త ఇక్కడ ఏడ్చింది. ముఖం కొంగులో దాచుకొని, వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. తన వైపున నిలబడే మనుషులు! చీర పెట్టే మనుషులు! బక్కయ్య ఆ ఏడుపు చూడలేక, "నేను పోయి పిల్లగానికి చెప్త. పాపం ఎండల నిలబడ్డడు" అంటూ చాయ్ కూడా తాగకుండా గబగబా మెట్లు దిగిపోయాడు.

సువార్త దొరసాని కాళ్లకు దండం పెట్టింది. దొరసాని ఆమె తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. ఏదో చెప్పబోయినట్టే ఉంది. చివరికి, "బాగుండు బిడ్డా" అని మాత్రం అంది. చిన్నప్పుడు ఎంత ఎదురుచూసినా బిడ్డా అని పిలవని మనిషి. ఇవాళ పిలిచినప్పుడు మాత్రం ఆమె కళ్లు సువార్త కళ్లలోకి చూడలేదు.

సువార్త గేటు దాకా వచ్చిందో లేదో, వెనక నుంచి ఎంకమ్మ ఆయాసపడుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, జర ఆగు. నువ్వు గట్ల ఏడుస్తుంటే నా పానం ఆగలే." ఆమె వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఎవ్వరూ రాలేదన్నది జూడు దొరసానమ్మ, అది అబద్ధం. వచ్చింది. ఒకామె వచ్చింది. నేను అప్పుడే పనిల చేరిన. గిదే గేటు కాడ నిలబడి అడిగింది. దొరసానమ్మనే వచ్చి, గసొంటోళ్లు ఈడ లేరు పో అని తోలిచ్చింది. ఎందుకో నాకు తెల్వదు."

"నన్నా? నన్ను అడిగిందా?"

"నిన్నే. గడ్డం కింద మచ్చ ఉంటదని గూడ చెప్పింది."

సువార్త చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం కిందికి పోయింది. వచ్చారు. తన కోసం ఒక మనిషి వచ్చింది. ఇన్నేళ్ల ఒంటరి సాయంత్రాల్లో ఆమె దేవుణ్ని అడిగింది ఇదొక్కటే. ఒక్కసారి, ఎవరైనా, గేటు దాకా వచ్చి అడిగి ఉంటే చాలునని.

"ఉన్నదా? బతికున్నదా?"

"కిష్ణ ఒడ్డున సోమశిల రేవు కాడ ఉంటుండె. పోయినేడు గూడ ఉన్నదని యాత్రకు పోయినోళ్లు చెప్పిండ్రు." ఎంకమ్మ పట్టు వదల్లేదు. "పూర్తిగ ఇను బిడ్డా. గీ ముచ్చట చెప్పకుంటే నాకు పాపం తగుల్తది. ఆమె నిన్ను ఒక్కదాన్నే అడగలే. ఇద్దరిని అడిగింది. ఒక ఆడపిల్ల, ఒక పిల్లగాడు. ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు ఇడువకుండ ఉంటరు, జర చూసి చెప్పమ్మా అని ఏడ్సింది. పిల్లగాడు ఎవరో నాకు తెల్వదు. నేను చేరేటప్పటికే మగపిల్లలందరిని వనపర్తికి పంపిండ్రు."

రోడ్డవతల బక్కయ్య యోసేపు భుజం తట్టి ఏదో చెబుతున్నాడు. యోసేపు ముఖం వెలిగిపోయింది. సువార్తను చూసి, ఊరంతా చూస్తుందని కూడా తలచకుండా, చెయ్యి పైకెత్తి ఊపాడు.

సువార్త ఆ చేతినే చూస్తూ నిలబడింది. తన జ్ఞాపకంలోని చెయ్యి ఆమెను గట్టిగా పట్టుకొనే ఉంది. తల్లి చెయ్యి అంత చిన్నదిగా ఎందుకుందని ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు.